వానకుండను పారబోసిన ఎదురింటత్త

బడిలో ప్రార్థన ఇంకా పూర్తి కాలేదు. మా తమ్ముడు సైకిలు గోడకు ఆనించి, చెప్పులు కూడా విప్పకుండా వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. రాయదుర్గం నుంచి నేను పనిచేసే పల్లెకు వాడు అట్లా చెప్పాపెట్టకుండా ఎప్పుడూ రాలేదు. "అవ్వకేమన్నా అయిందా?" అన్నాను. వాడు తల అడ్డంగా ఊపి, "ఎదురింటత్త పోయిందక్కా. తెల్లారి మామ లేపితే లేయలేదంట. గుండె నిలిచిపోయిందన్నారు," అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎవరినీ కేకేయకుండా, ఎవరింట్లోకీ తొంగి చూడకుండా, అంత నెమ్మదిగా పోయే మనిషి కాదామె.

ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నాకు నేనే రాస్తున్నాను. మా వీధిలో సగం మందికి ఆమె పేరు చెబితే గుర్తొచ్చేది ఒకటే మాట: వాన పారబోసినామె. ఆ మాట వెనక ఏముందో తెలియకుండానే అనేవాళ్లు ఇంకా ఉన్నారు. నాకు కోపం ఎక్కువని మా అమ్మ అంటుంది. ఉండనీ, ఈ ఒక్క విషయంలో ఉండనీ.

నిజానికి ఆమె మాకు చుట్టం కాదు. మాది చిల్లర అంగడి, వాళ్లది బట్టల అంగడి. వాకిలికెదురు వాకిలి. మా నాయనను అన్నా అని పిలిచేది కాబట్టి మాకు అత్త అయింది.

ఎవరింటికైనా పోతే మనం ముందు మనుషుల మొహాలు చూస్తాం. ఆమె నీళ్ల కడవలను చూసేది. "ఈ నీళ్లు ఎన్నడు పట్టినారు వదినా?" అని మా అమ్మను అడుగుతూనే మూత తీసి, వేలి కణుపుతో కడవ మీద టకటకా కొట్టేది. కొడితే ఏమవుతుందో మీరూ చూడండి. నీళ్ల పైన తల్లకిందులుగా వేలాడుతుండే సన్నపురుగులు ఆ కదలికకు గిలగిలా కొట్టుకుంటూ అడుక్కు దిగిపోతాయి. కొట్టకపోతే అవి ఉన్నట్టే తెలియదు. అవి దిగాయంటే చాలు, అత్త మొహాన నెత్తురు చుక్క ఉండేది కాదు.

"చూడు, చూడు, దోమపిల్లలు! వీటిని సాకుతాండారా మీరు?"

"చేపలు సాకుదామంటే చెరువులో నీళ్లు లేవు. ఇవన్నా సాకుకోనీ వదినా," అని మా అమ్మ నవ్వేది.

అత్త నవ్వేది కాదు. కొంగు బిగించి పనిలోకి దిగేది. పాత పంచె గుడ్డ ఒకటి ఎప్పుడూ ఆమె నడుముకు ఉండేది. ఆ గుడ్డలో నీళ్లను వేరే కడవలోకి వడగట్టి, గుడ్డను ఎండకు కాలుతున్న బండ మీద పరిచేది. ఖాళీ కడవను బూడిదతో, కొబ్బరిపీచుతో లోపలి అంచుదాకా రుద్ది రుద్ది తోమి బోర్లించేది. "గుడ్లు అంచుకు అంటుకోని ఉంటాయి పాపా. కడిగితే పోవు, తోమల్ల," అని నాకు చెప్పేది. మా ఇల్లు అయ్యాక పక్కిల్లు. పెరట్లో రోలుగుంటలో నిలిచిన నీళ్లు తుడిచేది. కోళ్లకు పెట్టిన చిప్ప తిరగేసేది. పగిలిన పెంకు కనబడితే కాలితో తిప్పేది. వారానికి ఒకసారి, శుక్రవారం తలస్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని బయల్దేరితే వీధి వీధంతా "వచ్చె, దోమల తాసిల్దారు వచ్చె" అని గొణిగేది.

మా ఊరి నీళ్ల సంగతి తెలియనివాళ్లకు ఇందులో ఉన్న కష్టం అర్థం కాదు. కొండకింది బావి దగ్గర తెల్లవారకముందే కడవలు వరస కట్టేవి. చేద అడుగును గీరుకుంటూ పైకి వచ్చేది. అట్లా తెచ్చుకున్న నీళ్లను గంగాళాల్లో, బానల్లో, తొట్లలో దాచుకునేవాళ్లం. ఇంట్లో నీళ్లు నిలవ ఉంటేనే ఇల్లాలికి కంటినిండా నిద్ర. అట్లాంటి ఊళ్లో నీళ్లు నిలవ ఉంటే భయపడే మనిషి అత్త ఒక్కతే. అయితే పారబోయమని మాత్రం ఎన్నడూ అనలేదు. "పారబోయమన్లేదమ్మా, వడగట్టమంటాండా. మూత పెట్టమంటాండా," అని బతిమాలుకునేది. బిందెడు నీళ్లు ఒలికితే ఆమెకూ ప్రాణం పోయినట్టే ఉండేది. ఆమె కూడా ఈ నేల మీద పుట్టిందే కదా.

ఆ భయం ఆమెకు పుట్టుకతో రాలేదు.

వాళ్లకు ఒక్కతే పాప. నా జత. బడికి ఇద్దరం కలిసే పోయేవాళ్లం. మా వీధిలో అత్త ఇల్లంత శుభ్రమైన ఇల్లు ఇంకోటి ఉండేది కాదు. దోమల మందు కొట్టేవాళ్లు భుజాలకు పంపులు తగిలించుకుని వచ్చి గోడలకు తెల్లటి మందు చల్లిపోతే, మిగతావాళ్లు అలికి, సున్నం కొట్టి ఆ మరకలు పోగొట్టుకునేవాళ్లు. అత్త ఆ మరకలను అట్లానే ఉంచింది. కాలువలో మురికి నిలవనిచ్చేది కాదు. దోమ మురికిలో పుడుతుందనే మేమంతా అనుకునేవాళ్లం. ఆమె ఇంట్లో మురికి అనేదే లేదు.

కానీ వానకుండ ఉండేది. మా వీధిలో అందరి ఇళ్లలోనూ ఉండేది. ఏడాదిలో మొదటి వాన పడ్డప్పుడు చూరునీళ్లు కొత్తకుండలో పట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, పెరటి పంచలో ఒక మూల పెట్టేవాళ్లు. మరుసటేడు మొదటి వాన వచ్చేదాకా దాన్ని కదపకూడదు, పారబోయకూడదు. తగ్గితే బావినీళ్లు కలపాలి. అన్నిటికన్నా ముఖ్యం, మూత పెట్టకూడదు. వాన తన నీళ్లు తాను చూసుకుని వెతుక్కుంటూ వస్తుందట. మూత పెడితే దారి తెలియదట. ఇంట్లో అన్ని కడవలూ తోమే అత్త కూడా ఆ కుండకు దండం పెట్టి పక్కకు తప్పుకునేది.

పాపకు జ్వరం వచ్చింది. కళ్లు పీకుతున్నాయని, ఒళ్లంతా ఎవరో విరిచేస్తున్నట్టుందని ఏడ్చింది. తర్వాత ఒంటి మీద ఎర్రగా పేలింది. అమ్మవారు పోసిందని పెద్దవాళ్లు వేపమండలు పరిచి పడుకోబెట్టారు. జ్వరం తగ్గింది కూడా. హమ్మయ్య అనుకున్నారు. ఆ తర్వాత చిగుళ్ల నుంచి నెత్తురు వచ్చింది. రైల్లో బళ్లారికి ఎత్తుకుపోయారు. పాప తిరిగి రాలేదు.

అక్కడి డాక్టరు ఆమెను ఒక మాట అడిగాడట. "ఇది దోమ వల్ల వచ్చే జ్వరమమ్మా. ఈ దోమ మురికిలో పుట్టదు, ఇంట్లో నిలవ పెట్టుకునే తేటనీళ్లలో పుడుతుంది. పగలు కుడుతుంది. మీ ఇంట్లో నీళ్లు ఎక్కడ నిలవ ఉన్నాయి?" ఎక్కడా లేవు, అన్నీ తోముతానని ఆమె ఒట్టు పెట్టి చెప్పింది. ఇంటికి వచ్చి, కర్మలన్నీ అయిపోయాక, ఒక మధ్యాహ్నం వానకుండ మీద వేలితో కొట్టింది. లోపల నీళ్లు నల్లగా కదిలాయి. పాప రోజూ ఆ పంచలోనే, ఆ కుండ పక్కనే చాప వేసుకుని చదువుకునేది. ఇదంతా అత్త మా అమ్మకు చెప్పుకుని ఏడుస్తుంటే నేను గడప అవతల కూర్చుని విన్నాను. "నేనే బొట్టు పెట్టినా వదినా దానికి. రోజూ నేనే," అని అదే మాట మళ్లీ మళ్లీ అనింది.

ఆ తర్వాతే ఆమె శుక్రవారాలు మొదలయ్యాయి.

మా తమ్ముడు పుట్టినప్పటి నుంచి ఆమె కన్ను వాడి మీదే ఉండేది. వాడు పగలు పడుకుంటే పక్కన కూర్చుని విసిరేది. మండుటెండల్లో నిండుచేతుల చొక్కా తొడిగేది. "ఏమప్పా, పెండ్లికి పోతాండావా?" అని పిల్లలు ఏడిపిస్తే వాడు ఏడుస్తూ వచ్చి చొక్కా విప్పేవాడు. "దోమకాటు కన్నా ఎగతాళి మేలు నాయనా, తొడుక్కో," అని మళ్లీ బొత్తాలు పెట్టేది. నాకూ విసుగొచ్చేది. ఎండకు వాడి వీపంతా చెమటకాయలు.

వాడు బడికి పోయే వయసు వచ్చిన ఏడాది వానలు లేవు. ముందటేడు పడ్డవీ అంతంతే. చేలల్లో వేసిన విత్తనం వేసినట్టే ఉంది. అందరూ వానకుండలకు రోజూ పూలు పెడుతున్నారు. అప్పుడే మా వీధి చివర జ్వరాలు మొదలయ్యాయి. అదే జ్వరం. కళ్లు పీకడం, ఎముకలు విరుస్తున్నట్టు నొప్పులు. ఒక ఇంట్లో తగ్గితే పక్కింట్లో మొదలయ్యేది. ప్రతి పొద్దునా అత్త మా వాకిట్లో నిలబడి, "పిల్లోడు లేచినాడా? ఒళ్లు చూసినారా?" అని అడిగేది. రోజుకొక ఇల్లు దాటి జ్వరం మా ఇంటివైపు వస్తుంటే ఆమె అన్నం తినడం మానేసింది.

మా ఇంట్లో వానకుండ మా అవ్వది. నాయన తల్లి. ఆమె మాటకు ఇంట్లో ఎదురు లేదు. అత్త పోయి అవ్వ ముందర నేల మీద కూర్చుంది.

"అవ్వా, నీ కాళ్లు పట్టుకుంటా. ఆ కుండొకటి వడగడతా. నీళ్లు నీ నీళ్లే, చుక్క పోనీయను."

"కదపకూడదని తెలీదా నీకు?"

"మూతన్నా పెడతా."

"మూత పెడితే వానెట్ల వస్తాది? ఇట్ల చూడమ్మా. నీకు జ్వరం బయం. నాకు కరువు బయం. కరువులో మా చెల్లెలు నా ఒళ్లోనే పాయ. నీళ్లు నీళ్లు అనుకుంటానే పాయ. నువ్వు చూల్లేదు, నేను చూసినా."

నాకిప్పుడు ఇద్దరి మీదా జాలే కలుగుతుంది. అవ్వ మూర్ఖురాలని ఎవరన్నా అంటే ఊరుకోను. ఇద్దరివీ ఒకటే కళ్లు. ఒకామె చెల్లెల్ని చూస్తోంది, ఒకామె కూతుర్ని చూస్తోంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం తమ్ముడు పంచలో చాప మీద నిద్రపోతున్నాడు. చొక్కా విప్పేసి పక్కన పడేశాడు. నేను బియ్యం ఏరుతున్నాను. అత్త పెరటి వాకిలి నుంచి వచ్చి వాడి పక్కన వంగింది. వాడి మడమ మీద నల్లటి దోమ, కాళ్లకు తెల్లటి పట్టీలు. కొట్టబోతే లేచిపోయింది. అది పోయి వానకుండ అంచు మీద వాలింది. అత్త దాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత రెండు చేతులతో కుండ ఎత్తి, పంచ దిగి, పెరట్లో బండ మీద కుమ్మరించింది. అంత నీళ్లు ఒక్కసారి నేల మీద పారడం ఆ ఏడు నేనెక్కడా చూడలేదు. ఆ నీళ్లలో పురుగులు ఎండకు గిలగిలలాడాయి.

అవ్వ అరిచిన అరుపుకు వీధి వీధంతా వచ్చింది.

"వానను పారబోసెనే! మా కొంప కూల్చెనే! నీ బిడ్డను తిన్నావు, చాల్లేదా? ఇప్పుడు ఊరి వానను తింటాండావా?"

మా అమ్మ అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. అత్త కుండను బోర్లించి, దాని పక్కనే కూలబడి, తలమీదికి కొంగు లాక్కుంది. ఏడవలేదు. కొంగులోంచే చెప్పింది.

"వాన రాకపోతే నన్ను తిట్టుకోండి. తిట్టేకి పిల్లోడు కూడా ఉంటాడు కదా."

వాడు ఉంటాడా అన్నది అప్పుడు మాకెవరికీ తెలియదు. కొన్నాళ్లకే వాడి ఒళ్లు కాలిపోయింది. కళ్లు తెరవలేక "అమ్మా, కాళ్లు పిసుకు, కాళ్లు పిసుకు" అని మూలిగాడు. ఆ దోమ ముందే కుట్టింది మరి. అవ్వ అత్తను గడప తొక్కనివ్వలేదు. అత్త వీధిలో నిలబడి లోపలికి కేకలేసేది: "చిగుళ్లు చూడు వదినా! జ్వరం తగ్గినా చూడు! తగ్గినంక ఇంకా జాగర్తగా చూడు! నీళ్లు తాపిస్తానే ఉండు!" తన దోమతెర నా చేతికిచ్చి పంపింది. "పగలు కూడా కట్టు పాపా. వాన్ని కుట్టిన దోమ పోయి ఇంకొకర్ని కుడితే ఆ ఇంట్లోనూ ఇదే ఏడుపు," అనింది. పట్టపగలు దోమతెర కట్టడం చూసి నవ్వినవాళ్లున్నారు. నేను కట్టాను. పొద్దస్తమానం వాడి పెదవి పైకెత్తి చిగుళ్లు చూడటమే నా పని. ఎర్రగా కనబడితే చాలు, వేలితో తుడిచి మళ్లీ చూసేదాన్ని. నాయన డాక్టరును ఇంటికే పిలిపించాడు. జ్వరం తగ్గిన రోజు ఎవరమూ హమ్మయ్య అనలేదు. ఆ మాట అనుకోవడానికే భయమేసింది.

ఒక సాయంత్రం వాడు తెర లోపలి నుంచి, "అమ్మా, ఊరగాయేసి మజ్జిగన్నం పెట్టు," అన్నాడు. నేను ఒక్క పరుగున వీధి దాటి అత్తకు చెప్పాను. ఆమె అరుగు మీద కూర్చుని, "చిగుళ్లు?" అనింది. బాగున్నాయన్నాను. "ఇంకోసారి చూసి రా పోమ్మా," అనింది. పోయి, చూసి, మళ్లీ వచ్చి చెప్పాను. అప్పుడు ఏడ్చింది.

ఆ కుండ పారబోసినందుకే వాడు బతికాడని నేను చెప్పలేను. వాడి తర్వాత మా ఇంట్లో ఇంకెవరికీ రాలేదు, అంతవరకు తెలుసు. వాన కూడా రాలేదు. ఇంక చూడండి వీధి నోరు. పేరంటాలకు ఆమెను పిలవడం మానేశారు. బావి దగ్గర ఆమె కడవను వెనక్కి నెట్టి, "నీకెందుకమ్మా నీళ్లు, పారబోసేకా?" అన్నవాళ్లున్నారు. వాళ్ల పిల్లల మడమల మీదా అత్త దోమలు తోలింది, ఆ ముక్క ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె మాత్రం శుక్రవారం వస్తే గుడ్డ నడుముకు చుట్టుకుని మళ్లీ అవే ఇళ్లు తిరిగేది. తలుపు వేసుకున్న ఇంటి ముందు కాసేపు నిలబడి, "నీళ్లు చూసుకోండమ్మా," అని చెప్పి ముందుకు పోయేది.

మరుసటేడు చినుకులు పడ్డాయి. అవ్వ మళ్లీ కొత్తకుండ పెట్టింది. ఆ రోజే అత్త తన అంగడి నుంచి పల్చటి మల్లుగుడ్డ ముక్క మా అమ్మ చేతికి పంపింది. "ఇందులోనుంచి ఆకాశం కనబడతాది వదినా. వాన కూడా చూసుకుంటాది. దోమ మాత్రం దూరలేదు." అమ్మ భయపడుతూనే దాన్ని కుండ మూతికి బిగించి కట్టింది. అవ్వ చూసింది. ఆ గుడ్డ ఎవరిదో ఆమెకు తెలుసు. అయినా విప్పలేదు. ఏటేటా కుండ మారినా గుడ్డ అదే. కానీ కుండ పారబోసిన ఆ మధ్యాహ్నం తర్వాత అవ్వ అత్తతో ఒక్క మాట మాట్లాడలేదు. అత్త మా ఇంటికి వచ్చినా అవ్వ నిద్రపోయే వేళ చూసుకుని వచ్చేది. ఇన్నేళ్లూ అంతే.

తమ్ముడి సైకిలు వెనక కూర్చుని నేను పోయేసరికి అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. ఈ ఏడు కూడా ఇంకా వాన లేదు. ఆకాశం తోమిన కంచంలా ఉంది. ఇంట్లోకి పోయి చూశాను. ఖాళీ తొట్టికి కూడా మూత ఉంది. కడవలన్నీ బోర్లించి ఉన్నాయి. చావింట్లో నీళ్లు కావాలంటే పక్కింటికి పోవాల్సి వచ్చింది. పాడె లేచింది. మామ పక్కన మా తమ్ముడు కూడా భుజం పట్టాడు. నిండుచేతుల చొక్కా వేసుకున్నాడు, ఎవరూ చెప్పకుండానే.

పాడె వీధి మలుపు తిరిగింది. ఆడవాళ్లం వాకిట్లో నిలబడి ఉన్నాం. ఇంటిముందు కడగడానికి నీళ్లేవని ఎవరో అడుగుతున్నారు. అప్పుడు మా వాకిలి తెరుచుకుంది. అవ్వ ఒక చేత్తో గోడ పట్టుకుని, చంకన వానకుండ పెట్టుకుని వస్తోంది. అమ్మ పట్టుకోబోతే మోచేత్తో తోసేసింది. వీధి దాటి, అత్త గడప ముందర ఆగి, కుండ మూతికున్న మల్లుగుడ్డ విప్పింది. దాన్ని మడిచి రొంటిన దోపుకుంది.

"అవ్వా, అవ్వా! ఇంగా వాన రాలేదు!" అని ఒకామె అరిచింది.

అవ్వ కుండ వంచింది. నీళ్లన్నీ ఆ గడప ముందర పారాయి.

"వాన రాకపోతే నన్ను తిట్టుకోండే," అనింది.

అవ్వ వంగి, కుండను అత్త గడప మీద బోర్లించింది. వేలి కణుపుతో దాని మీద టకటకా కొట్టి, కాసేపు అట్లానే చెవి ఒగ్గి నిలబడింది. కాళ్ల కింద తడి ఎండకు అప్పుడే అంచుల నుంచి ఆరుతోంది.